పేరంటాల గాజులు అంత చవగ్గా ఎలా వస్తాయి?

శ్రావణమాసం పేరంటాల్లో పంచే మట్టిగాజులు డజను అంత చవగ్గా ఎలా ఇస్తున్నారు, మెషీన్ మీద చేస్తారా అని అడిగారు. మెషీన్ కాదండీ, మనుషులే. మాది గాజుల కొట్టు. సరుకు కోసం మామయ్యతో ఫిరోజాబాద్ వెళ్ళి కళ్ళారా చూశాను. చైనా సరుకని కొందరు తేల్చేస్తారు, అది శుద్ధ తప్పు. మన దగ్గర అమ్ముడయ్యే మట్టిగాజులు చాలామటుకు ఆగ్రా పక్కనున్న ఆ ఊరివే.

ఆ ఊరనగానే అందరూ కొలిమి ఫొటోలే పెడతారు. కరిగిన గాజును తీగలా లాగి తిరిగే కడ్డీకి చుడితే స్ప్రింగులా వస్తుంది. దాన్ని నిలువునా కోస్తే మూతులు కలవని గాజులు. ఆ మూతులు కలిపే పని మాత్రం ఫ్యాక్టరీలో జరగదు. మూడు వందలకు పైగా గాజుల్ని ఒక కట్టగా కట్టి (తోడా అంటారు) ఇళ్ళకు పంపేస్తారు.

మాకు కావాల్సిన రంగు ఇంకా తయారవలేదంటే, వ్యాపారి మమ్మల్ని ఒక సందులోకి తీసుకెళ్ళాడు. ఒకటే గది. కిరసనాయిలు మంట ముందు ఒకావిడ కూర్చుని ఒక్కో గాజు కొనలు వేడిచేసి అతికిస్తోంది. మండు వేసవి, పైన ఫ్యాను ఉంది, తిరగడం లేదు. కరెంటు లేదేమో అనుకున్నాను. ‘ఫ్యాను వేస్తే మంట ఊగుతుంది భయ్యా, అతుకు వంకరపోతే కూలి కోస్తారు’ అంది. పక్కన పదేళ్ళ పిల్ల గాజులు అందిస్తోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూలి తోడా లెక్కనే, గంటల లెక్క లేదు. పిల్ల చెయ్యి సాయముంటే రోజుకి ఇంకో తోడా తెములుతుంది. బయట మామయ్య రేటు తగ్గించమని బేరమాడుతున్నాడు.

చట్టం లేదా అంటారు. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు బాలకార్మికుల తీర్పులో శివకాశి అగ్గిపెట్టెలతో పాటు ఫిరోజాబాద్ గాజు, మన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉన్నాయి. పిల్లల్ని పెట్టుకున్న యజమాని ఒక్కొక్కరికి 20,000 రూపాయలు కట్టాలంది. ఇంట్లో తల్లి పక్కన కూర్చున్న పిల్లకు యజమాని ఎవరు? అదే నెల 30న తాజ్‌మహల్ పాలరాయి పాడవుతోందని చుట్టుపక్కల ఫ్యాక్టరీలను బొగ్గు మానమన్నారు, కొలిముల్లోకి గ్యాసు వచ్చింది. రాయికి దొరికిన శ్రద్ధ ఆ తల్లి ఊపిరితిత్తులకు దొరకలేదు. నాకు ఇప్పటికీ మండుతుంది.

ఇంకోటి. రిటర్న్ గిఫ్టుల డబ్బాకు ఎంతైనా పెడతారు, అందులో పెట్టే గాజుల దగ్గరే గీచిగీచి బేరం. ఆ తగ్గింపు కొట్టువాడు భరించడు, హోల్‌సేలువాడూ భరించడు, అది ఆ సందులోకే పోతుంది.

గాజులు కొనడం మానేయమని అనను, మానేస్తే ముందు పొయ్యి ఆరేది ఆవిడకే. తోడా కూలికి ప్రభుత్వం ఒక కనీస రేటు కట్టి, ఇంట్లో చేసినా అది ఇప్పించాలి. దానివల్ల డజను మీద పెరిగేది పెద్ద మొత్తమేం కాదు, వ్యాపారం చేసేవాణ్ణిగా చెప్తున్నాను.