పాత రసాయన గుండు దొరికితే అక్కడే ఎందుకు పేల్చేయరు?

ఆరుబయట పేల్చితే లోపలి విషం పూర్తిగా నశించదు, తుంపరలై చుట్టుపక్కలంతా పడుతుంది. అందుకే రసాయనం నింపిన ఫిరంగి గుండును గాలి చొరబడని ఉక్కు గదిలో నాశనం చేస్తారు.

ముందు గుండు తెరవకుండానే లోపల ఏముందో తేల్చాలి. గుండును వంచి ఎక్స్‌రే తీస్తే ద్రవం మట్టం జరగడం కనిపిస్తుంది. గుండుపైకి న్యూట్రాన్లు అనే సూక్ష్మ కణాలను పంపితే వెలువడే గామా కిరణాలను బట్టి విషంలో ఉండే క్లోరిన్, గంధకం, ఆర్సెనిక్ పట్టుబడతాయి. నా లెక్కలో ఈ రెండో పరీక్షే ముఖ్యం: మస్టర్డ్ (ఒంటిపై బొబ్బలు లేపే యుద్ధ విషం) దాదాపు 14 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది, చలిలో ఎక్స్‌రేకు ద్రవంలా కనబడదు. తర్వాత గదిలో చిన్న పేలుడుతో గుండు తొడుగును కోసి, విషానికి విరుగుడు రసాయనం పంపుతారు: మస్టర్డ్‌కు మోనోఇథనాలమీన్, ఊపిరితిత్తులను దెబ్బతీసే ఫాస్జీన్‌కు సోడియం హైడ్రాక్సైడ్. గంటల తరబడి కలియదిప్పి, నమూనాలో విషం లేదని తేలాకే తలుపు తీస్తారు.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని స్ప్రింగ్ వ్యాలీలో 1993లో కందకం తవ్వుతుంటే మొదటి ప్రపంచ యుద్ధకాలపు గుండ్లు బయటపడ్డాయి. చుట్టూ ఇళ్లే. 2003లో ఇలాంటి గదినే అక్కడికి తెచ్చి, దొరికిన గుండ్లలో కొన్నిటిని నాశనం చేశారు.

ఇన్నేళ్లకు విషం విరిగిపోయి ఉంటుందన్నది చాలామంది అపోహ. మస్టర్డ్ పైన పొరకట్టి లోపల దశాబ్దాలు నిలుస్తుంది. తగిలిన వెంటనే నొప్పి ఉండదు, బొబ్బలు గంటల తర్వాత లేస్తాయి. తుప్పుపట్టిన గుండు కనిపిస్తే కదపకండి. గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు దూరంగా వెళ్లి పోలీసులకు చెప్పండి.