ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వచ్చినవారు న్యూక్ నేర్చుకోవాలా, మోషన్ గ్రాఫిక్స్‌లోనే ఉండాలా?

డిగ్రీ పూర్తయిందనీ, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ బాగా వచ్చనీ, ఇప్పుడు న్యూక్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సినిమా కంపోజిటింగ్‌లోకి, అంటే వేర్వేరు చిత్రాలను ఒకే షాట్‌గా కలిపే పనిలోకి, వెళ్లాలా లేక టైటిళ్లనూ బొమ్మలనూ కదిలించే మోషన్ గ్రాఫిక్స్‌లోనే కొనసాగాలా అనీ అడిగారు. నేను హైదరాబాదులో రోటో (షాట్‌లోని మనిషినో వస్తువునో అంచు వెంట గీసి వేరుచేసే పని) ఆర్టిస్టుగా చేరి కంపోజిటర్‌నయ్యాను. మధ్యలో కొంతకాలం ఒక టీవీ ఛానల్‌కు మోషన్ గ్రాఫిక్స్ చేశాను. ముందు మీకు ఏ పని ఇష్టమో తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తరువాత దానంతట అదే తేలుతుంది.

ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ 1993లోనే పుట్టాయి. న్యూక్‌ను డిజిటల్ డొమైన్ స్టూడియో తన సినిమా షాట్ల కోసం సొంతంగా తయారుచేసుకుంది. 2007లో దాని అభివృద్ధి బాధ్యత ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వచ్చింది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1994లో అడోబీకి చేరింది. ఈడు ఒకటే అయినా వీటి స్వభావాలు వేరు.

ఒక షాట్‌లో కంప్యూటర్‌లో చేసిన కారు ఉందనుకోండి. దాని రంగు, ప్రతిబింబం, నీడ వేర్వేరు పాస్‌లుగా, అంటే విడివిడి పొరలుగా, ఈఎక్స్ఆర్ అనే చిత్ర ఫైల్‌లో వస్తాయి. వాటికి కెమెరా తీసిన అసలు దృశ్యం (ప్లేట్), పొగ, ముందు నడిచే మనిషి రోటో, చివర సన్నని రేణువుల్లా కనిపించే గ్రెయిన్ తోడవుతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇదంతా ప్రీకంప్ (ఒక్కటిగా కట్టిన లేయర్ల గుంపు) లోపల మరో ప్రీకంప్‌గా దాగిపోయి, నీడను ఎక్కడ సరిదిద్దామో వెతుక్కోవలసి వస్తుంది. న్యూక్‌లో ఒక్కో పనికి ఒక్కో పెట్టెలా ఉండే నోడ్లన్నీ కళ్లెదుటే ఉంటాయి కాబట్టి మీరు సెలవు పెట్టినా మరొకరు ఆ స్క్రిప్టు (ప్రాజెక్టు ఫైల్) తెరిచి పని కొనసాగించగలరు, పెద్ద స్టూడియోలకు కావలసిందీ అదే. పైగా న్యూక్ రంగులను మొదటినుంచీ 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే చాలా సూక్ష్మంగా, లెక్కిస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 8 బిట్‌లో మొదలవుతుంది, మనమే మార్చుకోవాలి.

అయితే టైటిల్‌ను సంగీతానికి తగ్గట్టు కదిలించడం, షేప్ లేయర్లు, ఎక్స్‌ప్రెషన్లు (కదలికను నడిపే చిన్న కోడ్), గ్రాఫ్ ఎడిటర్‌లో కదలికకు ఊపు ఇవ్వడం వంటివి న్యూక్‌లో చేయబూనడం వృథా శ్రమ. తెలుగు టైటిళ్లు చేసేవారికి ఒక మాట: అక్షరాలను ఒక్కొక్కటిగా కదిలించబోతే వత్తులూ గుణింతాలూ విడిపోయే ప్రమాదం ఉంది. దక్షిణాసియా లిపులకు తగిన టెక్స్ట్ సెట్టింగ్‌ను ఎంచుకోండి, లేదా ఇల్లస్ట్రేటర్‌లో అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి తెచ్చుకోండి. నేను రెండో పద్ధతినే నమ్ముకున్నాను.

ఇక ఉద్యోగాల విషయం. కొత్తవారికి మన దగ్గర ఎక్కువగా తెరుచుకునే ద్వారం రోటో. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అయిదు సెకన్ల షాట్‌కు 120 ఫ్రేములుంటాయి. మనిషి మొత్తానికీ ఒకే గీత గీయకుండా తల, భుజం, ముంజేయి, వేళ్లు విడివిడి ఆకారాలుగా గీసి, కదలిక దిశ మారే ఫ్రేముల్లోనే కీఫ్రేములు (ఆకారం ఎక్కడుందో నమోదు చేసే గుర్తులు) పెట్టాలి. ప్రతి ఫ్రేములోనూ కీఫ్రేము పెడితే అంచు వణుకుతుంది. ఈ పనిని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ, అంచును, మోషన్ బ్లర్‌ను, జుట్టు పలుచబడే తీరును చూసే కన్ను నాకు అక్కడే అలవడింది. అయితే రోటోలోనే స్థిరపడే ఆలోచన వద్దు. కొన్ని ఫ్రేములు గీసిచ్చి మిగిలినవి యంత్రానికి నేర్పే కాపీక్యాట్ వంటి పద్ధతి 2021లోనే న్యూక్‌కు పెద్ద వెర్షన్ అయిన న్యూక్ఎక్స్‌లోకి వచ్చింది. వైర్లు తుడిచే పెయింట్, కెమెరా కదలికను పట్టే మ్యాచ్‌మూవ్ కూడా కంపోజిటింగ్‌కు దారితీస్తాయి. నిప్పు, నీరు, ధూళి సృష్టించే ఎఫ్ఎక్స్ మాత్రం ఎక్కువగా హౌడినీ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసే వేరే వృత్తి. దానికి గణితం మీద ఇష్టం ఉండాలి.

డబ్బు కట్టకుండానే పరీక్షించుకోవచ్చు. న్యూక్ నాన్‌కమర్షియల్ ఉచితం, హెచ్‌డీ వరకే అవుట్‌పుట్ ఇస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో నోడ్లతో పనిచేసే ఫ్యూజన్ అనే కంపోజిటింగ్ విభాగం ఉంది. ఫోన్ చేత్తో పట్టుకుని నడుస్తూ ఒక గోడను తీయండి, దాని ముందు నుంచి ఎవరినైనా దాటమనండి. ఆ గోడ మీదికి ట్రాకింగ్‌తో (కెమెరా కదలికను అనుసరిస్తూ) ఒక పోస్టర్ చేర్చి, దాటే మనిషికి రోటో చేయండి. పోస్టర్‌లోని నలుపు గోడ నీడల నలుపుతో కలిసేదాకా మీకు నిద్ర పట్టకపోతే న్యూక్ నేర్చుకోండి. మనసంతా ఆ పోస్టర్ మీది అక్షరాలు ఎలా ఉండాలి, ఎలా కదలాలి అన్నదాని మీదే ఉంటే, మోషన్ గ్రాఫిక్స్‌ను వదలకండి.