హైదరాబాద్ వదిలే ముందు ఊరంతా నడిచి చూడాలంటే

ఏడేళ్లు ఉండి కూడా ఆఫీసు, రూము తప్ప ఏమీ చూడలేదు, రెండు నెలల్లో ఊరు మారుతున్నాను, నడిచి చూడాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి అని అడిగారు కదా. 2019లో నా పరిస్థితీ అదేనండి. చిక్కడపల్లిలో తొమ్మిదేళ్లున్నాను, పుణెలో ఉద్యోగం వచ్చింది, చేతిలో ఎనిమిది ఆదివారాలు మిగిలాయి.

మొదటిది పాడుచేసుకున్నాను. పదకొండు చోట్లు కాగితం మీద రాసుకుని, బైక్ మీద పోయి, ఒక్కోచోట పావుగంట తిరిగి ఫొటోలు తీసుకొచ్చాను. రాత్రి అవి చూసి మా రూమ్మేట్ "ఊరు చూసొచ్చావా, అటెండెన్స్ వేయించుకొచ్చావా" అన్నాడు. కాబట్టి లిస్టు వద్దు. మీ గుమ్మం దగ్గర మొదలుపెట్టి, రోజూ బస్సులోనో మెట్రోలోనో దాటేసే దారినే పట్టుకుని నడవండి.

రెండో వారం నేను చేసిందదే. పొద్దున ఆరుకి బయల్దేరి నారాయణగూడ, కాచిగూడ, బడీచౌడీ, సుల్తాన్ బజార్, కోఠి, పుత్లీబౌలి, నయాపూల్, అక్కణ్ణించి చార్మినార్. ఏడు కిలోమీటర్లు ఉంటుందేమో అంతే. రెండు బస్సులు మారి వెళ్లడం అలవాటై చార్మినార్ ఏదో పొరుగూరు అనుకునేవాణ్ణి, తీరా చూస్తే కోఠి నుంచి నింపాదిగా నడిచినా నలభై నిమిషాలు!

ఆరుకే ఎందుకంటే, నయాపూల్ దాటాక చార్మినార్‌కి ముందొచ్చే పత్తర్‌గట్టీ బజారు కోసం. పదకొండు దాటి వెళ్తే చీరలు, బోర్డులు, జనం తప్ప ఏమీ కనపడవు. షాపులు తెరవకముందు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా రాతి ఆర్చీల వరస కనిపిస్తుంది, ఒకే కొలతలో. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చాక, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్డు వెడల్పు చేసి కట్టించింది ఇది. మా అక్క పెళ్లికి రెండుసార్లు వచ్చి బట్టలు కొన్నాను ఇక్కడ, ఒక్కసారీ తలెత్తి పైకి చూడలేదు. ఆ వరద సంగతి ఇంకా దగ్గరగా చూడాలంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి వెళ్లండి. 150 మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. చూడ్డానికి మామూలు చింతచెట్టే, కింద నిలబడి ఏ కొమ్మ దాకా నీళ్లు వచ్చి ఉంటాయా అని లెక్కేస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఆ దారిలోనే గౌలిగూడలో పాత బస్టాండు ఉండేది, విమానాల షెడ్డులా గుండ్రటి రేకుల కప్పు. వందసార్లు ఎక్కాను దిగాను అక్కడ. 2018 జూలైలో కూలిపోయింది. నేను నడిచేనాటికి ఖాళీ జాగా. మీకు రోజూ కనిపించేదాన్ని ముందు చూడమనేది ఇందుకే.

చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్‌కి మాత్రం పొద్దున కాదు, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. దుకాణాల వెనక సందుల్లో లక్క గాజులు చేస్తుంటారు. బొగ్గుల మీద లక్క కాచి, మెత్తబడగానే బల్ల మీద పాములా దొర్లించి, గాజులా వంచి అతికిస్తారు. ఆరకముందే పక్కన కూర్చున్నావిడ రాళ్లు ఒక్కొక్కటే గుచ్చుతుంది, తల కూడా ఎత్తకుండా. అరగంట నిలబడిపోయాను, ఎవరూ ఏమీ అనలేదు, పైగా "బైఠో బేటా" అని స్టూలు జరిపారు.

సికింద్రాబాద్‌కి ఇంకో ఆదివారం పెట్టుకోండి, ఒకేరోజు రెండూ కుదరవు. మోండా మార్కెట్‌లో దిగి, జనరల్ బజార్ మీదుగా వస్తే ఇది వేరే ఊరని కాళ్లకే తెలుస్తుంది, పాతబస్తీ పోకడే ఉండదు. ఎంజీ రోడ్డుని పెద్దవాళ్లు ఇప్పటికీ జేమ్స్ స్ట్రీట్ అంటారు, దారి అడిగేటప్పుడు ఆ పేరు వాడి చూడండి, మాట కలుస్తుంది. హైటెక్ సిటీ వైపు నడక దండగ, ఎండా ఫ్లైఓవర్లూ తప్ప ఏముంది.

తెల్లారకముందు సందుల్లోకి వెళ్లకండి, కుక్కలు. బేగంబజార్‌లో నన్ను తరిమాయి, ఒక చెప్పు అక్కడే పోయింది. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, చూసుకోండి. ఫుట్‌పాత్ ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కొత్త బూట్లు వేసుకోవద్దు, ఇరానీ హోటల్ కనిపించినప్పుడల్లా కూర్చోండి.

ఎనిమిదో ఆదివారం మౌలాలి గుట్ట ఎక్కుదామనుకున్నాను, సామాను సర్దడంలోనే గడిచిపోయింది. మీరు గనక ఎక్కితే పైనుంచి ఊరు ఎలా కనిపించిందో నాకు రాయండి.