మాలలో ఉన్నన్ని రోజులు ముట్టడు, తీసినంక మళ్లీ మొదలు.. మా ఆయన తాగుడు మాన్పించేదెట్ల డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది వరంగల్ పక్కన పల్లెటూరు. మా ఆయనకు 42 ఏండ్లు, ఎనుమాముల మార్కెట్ల హమాలీ. ముందునుంచి తాగుతడు గని పోయినేడు ఆయన సొంత అన్న, మా బావ, తాగి తాగి లివర్ ఖరాబై చనిపోయిండు, అప్పటినుంచి పొద్దున లేవంగనే కావాలె. అంతకుముందు ఏడు అయ్యప్ప మాల వేసినప్పుడు 41 రోజులు చుక్క ముట్టలే, శబరిమల పోయొచ్చిన వారానికే మళ్లీ మొదలు. మొన్న దసరా అయినంక నేను బతిమాలితే మానేస్తా అని రెండు రోజులు ఉన్నడు, చేతులు ఒకటే వణుకుడు, రెండో రాత్రి ఫిట్స్ వచ్చినయ్, గడప కాడ అన్న నిలవడి పిలుస్తుండు అని అరుపులు. అన్న పట్టిండని మా అత్తమ్మ మంత్రం వేయించింది. ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కించిండు, మళ్లీ ఇంత తాగినంకనే వణుకు ఆగింది. ఇప్పుడు అత్తమ్మ మాన్పిస్తే సచ్చిపోతడు, మాన్పియ్యకు అంటది. ఫోన్ల చూసి ఒక పొడి తెప్పించిన, కూరల కలిపితే తెల్వకుండనే మానేస్తరంట, పెట్టాల్నా? బెల్టుషాపోడు బాకీకి ఇంటికొస్తే సంఘం లోన్ పైసలు కట్టిన, ఎవరికి చెప్పలే, పరువు పోతది. వచ్చే నెల బావ సంవత్సరీకం, అందరు తాగుతరు, తలుసుకుంటేనే భయమైతుంది. కొడుకు ఇంటర్ చదువుతుండు, వాడికి కూడా వస్తదా?
- ఒక సోదరి, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగాల ఆ పొడి సంగతి. పెట్టకండి. ఇప్పటికే ఒకటి రెండుసార్లు పెట్టి ఉంటే ఆపేయండి, ప్యాకెట్ మాత్రం పారెయ్యకుండ దాచి డాక్టర్‌కు చూపించండి. ఇట్లాంటి వాటిల్ల ఏమేం కలిపిండ్రో నమ్మకంగ చెప్పేటోడు ఎవడూ ఉండడు. అందుల ఏం లేకపోతే మీ పైసలే దండగ, అంతటితోని పాయె. కానీ డైసల్ఫిరామ్ లాంటిది కలిసి ఉంటే మాత్రం కథ వేరే. ఆ గోలీ మేం కూడా రాస్తం, అది ఒంట్ల ఉండంగ తాగితే మొఖం ఎర్రగైతది, గుండె దడదడ కొట్టుకుంటది, వాంతులైతయ్, బీపీ పడిపోతది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తది. గోలీ ఆపినంక రెండు వారాల దాకా కూడా ఈ రియాక్షన్ రావచ్చు. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, లివరూ గుండే చూసి ఇస్తం. మీరు తెల్వకుండ కలిపితే ఆయన రోజులెక్కనే పోయి క్వార్టర్ వేస్తడు, కింద పడ్డంక ఏమైందో ఆయనకు తెల్వదు, ఎక్కించుకపోయిన హాస్పిటల్‌ల డాక్టర్‌కు తెల్వదు. ఇంకోటి, ఇసొంటివి ఎన్నడో ఒకనాడు బయటపడ్తయ్, ఆనాటినుంచి మీ చేతి కూడు ఆయన అనుమానంతోనే తింటడు.

మీ అత్తమ్మ మాట సగం నిజం. రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారే బంద్ పెడితే ప్రమాదమే. ఆఖరుసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవుడు షురూ అయితది, ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లనే, ఆ తర్వాత కొందరికి మతి తప్పినట్టైతది, లేని మనుషులు కనవడ్తరు, గోడ మీద పురుగులు పాకినట్టు కనవడ్తయ్, జ్వరం, బీపీ పెరుగుతది. డెలీరియం ట్రెమెన్స్ అంటం దీన్ని, వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు కూడా. గడప కాడ అన్న కనవడ్డది ఈ లెక్కనే. ఏడాదినుంచి ఆయన మనసుల అన్న తప్ప ఇంకో ఆలోచన లేకపాయె, మెదడు గాడి తప్పినప్పుడు ఆ రూపమే ముందర నిలవడ్డది, అంతే గని ఎవరూ పట్టలే. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టి వైన్సులు, కల్లు దుకాణాలు ఒక్కసారే మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్లాంటోళ్లే గుంపులు గుంపులుగ వచ్చిండ్రు, అందరికీ ఒక్క వారంలనే దయ్యాలు పట్టినయంటారా మరి!

ఇగ మిగతా సగం అత్తమ్మకు మీరే చెప్పాలె. మానుడుతోని సావరు, దవాఖాన లేకుండ మానుడే ప్రమాదం. ఒకసారి ఫిట్స్ వచ్చినోళ్లకు మళ్లీ మానినప్పుడు ఇంకా గట్టిగ వచ్చే అవకాశం ఉంటది, కాబట్టి ఇంట్ల ఇంకో ప్రయత్నం వద్దే వద్దు, అడ్మిట్ చేసి మాన్పియ్యాలె. సుమారు వారం పడ్తది. లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటివి మొదట్ల ఎక్కువ ఇచ్చి రోజురోజుకు తగ్గించుకుంట పోతరు, వాటితోని వణుకు, ఫిట్స్ అదుపుల ఉంటయ్. థయామిన్ అంటే విటమిన్ బి1, ఇది ఇంజెక్షన్ రూపంల ఇస్తరు. ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కించిండు అని రాసిండ్రు, ఆయన మంచికే చేసి ఉంటడు, కానీ ఏండ్ల తరబడి తాగినోళ్ల ఒంట్ల బి1 అడుగంటి ఉంటది, అది ఇయ్యకుండ ఉత్త గ్లూకోజే ఎక్కిస్తే ఉన్న కాస్త కూడా ఖర్చయి మెదడు దెబ్బ తినొచ్చు. నడక తూలుడు, చూపు ఒకటి రెండుగ కనవడుడు, నిన్నటి ముచ్చట ఇయ్యాల యాదికి లేకపోవుడు, ఇట్లా ఉంటది, కొందరికి ఆ మతిమరుపు మళ్లీ సక్కగ కాదు. వరంగల్ ఎంజీఎంల సైకియాట్రీ ఓపీ ఉంది, అక్కడికి తీసుకపోండి. ఫోన్ల మాట్లాడాలంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఇది రాత్రి పగలు ఉంటది, తెలుగులనే మాట్లాడొచ్చు. మత్తు మాన్పించే సలహాకు ప్రత్యేకంగ 14446 ఉంది. రెండూ ఫ్రీ.

కల్లు కూడా తాగుతడా లేదా మీరు రాయలే. తాగితే డాక్టర్‌కు దాచకుండ చెప్పండి. చెట్టు మీంచి దించిన కల్లు సంగతి వేరు, కొన్ని దుకాణాల కల్లుల ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతుంటరు, నిజామాబాద్, కామారెడ్డి దిక్కు ఈ గోస కండ్లార చూస్తనే ఉన్నం. అది మానినప్పుడు వచ్చే ఫిట్స్, పిచ్చి లేచినట్టు చేసుడు వేరే లెక్క, గోలీల మోతాదు కూడా దాన్నిబట్టి మార్చాల్సి ఉంటది.

ఇప్పుడు మాల సంగతి. మీరు బాధతోని రాసిండ్రు గని నాకైతే మీ ఉత్తరంల అన్నిటికంటే మంచి ముచ్చట అదే అనిపించింది. ఆ 41 రోజులు ఎట్ల గడిచినయో ఒక్కసారి యాద్ చేసుకోండి. తెల్లారకముందే లేచి చన్నీళ్ల స్నానం, పొద్దు మాపు పీఠం కాడ పూజ, భజన, భిక్ష ఎవరింట్ల అంటే అందరు కలిసి పోవుడు, ఒక్కనాడు సాయంత్రం కనవడకపోతే గురుస్వామి ఫోన్. కన్నతల్లి కూడా పేరు పెట్టి పిలవకుండ స్వామి అన్నది. మార్కెట్ల బస్తాలు దించినంక రోజూ పోదాం పారా అనే దోస్తులు కూడా ఆ 41 రోజులు పక్కకు తప్పుకున్నరు. లేచినకాంచి పండేదాకా ఆయనకు పోయే చోటు ఉన్నది, కూడా మనుషులు ఉన్నరు. మాల తీసిన తెల్లారి అవన్నీ ఒక్కసారే పోయినయ్, అడ్డా మాత్రం ఎక్కడిదక్కడే ఉన్నది. అందరేమో దేవుని భయం పోయింది, మళ్లీ మొదలువెట్టిండు అంటరు. భక్తి సంగతి స్వాములే చెప్పాలె, డాక్టర్‌గ నాకు కనవడ్డది ఇది, చుట్టూ మనుషులుంటే మీ ఆయన ఉండగలడు. అయితే కార్తీకం వస్తుంది కదా అని సక్కగ పోయి మాల వేయించకండి, అప్పుడు ఆయన పొద్దుగాల తాగేటోడు కాదు కాబట్టి ఒళ్లు తట్టుకున్నది, ఇప్పుడు తట్టుకోదు. దవాఖాన ముందు, మాల తర్వాత.

మాలల ఉన్న ఆ గుంపునే ఏడాది పొడుగునా నడిపించే ఏర్పాటు ఒకటి ఉంది. 1935ల అమెరికాల ఓహియో రాష్ట్రం, ఆక్రాన్ అనే ఊర్లె తాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒకాయన షేర్ల వ్యాపారం, ఇంకొకాయన సర్జన్, ఒకరికొకరు తోడుండి మానుకున్నరు, ఆల్కహాలిక్స్ అనానిమస్ అట్ల పుట్టింది. ఏఏ అంటరు. ఫీజు లేదు, ఊరు పేరు అడగరు, వచ్చినోళ్లంతా ఒకప్పుడు తాగినోళ్లే, కూసొని ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటరు, నీతులు చెప్పేటోడు ఉండడు. జీవితమంతా మానేస్తా అని ఒట్టు కూడా పెట్టియ్యరు, ఇయ్యాల ఒక్కరోజు తాగను అంటరు, రేపటి సంగతి రేపు. రాత్రి పదింటికి తాగబుద్ధి అయితే ఫోన్ చేయడానికి పాత సభ్యుడు ఒకాయన ఉంటడు. ఇది ఉత్త మాటల ముచ్చట కాదు, 2020ల, వైద్య అధ్యయనాలను జమచేసి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా ఉన్నవి, ముందరేసుకొని చూస్తే పూర్తిగా మానేసి ఉండే విషయంల ఏఏ పద్ధతి మిగతా కౌన్సెలింగులకు తీసిపోలే, కొన్నిట్ల ఇంకా మెరుగ్గనే ఉంది. భార్యలకు, తల్లులకు వేరేగ ఆల్-అనాన్ అని 1951 నుంచి నడుస్తుంది. మీకు దగ్గర్ల ఎక్కడ కూసుంటరో ఓపీలనో, 14446లనో అడగండి. దూరమైతే మీరే చిన్నగ చేసుకోవచ్చు, ఆ గురుస్వామి, మీ తమ్ముడు, ఇంకా మీ ఊర్లె తాగి మానుకున్న మనిషి ఒక్కడన్న ఉంటడు, ఆయనెవరో మీకు తెలిసే ఉంటది, ఈ ముగ్గురు రోజు ఒక్కసారి మీ ఆయనను కలిసినా, ఫోన్ చేసినా చాలు. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్, బాక్లోఫెన్ అని తాగాలనే యావ తగ్గించే గోలీలు ఉన్నయ్, లివర్, కిడ్నీ టెస్టులు చూసి ఏది పడ్తదో డాక్టర్ రాస్తడు, అవి కూడా వాడాలె, కానీ పనయినంక అడ్డా కాడికి పోయే కాళ్లను గోలీ ఒక్కటే ఆపలేదు.

దీనికి నలుగురికి తెల్వాలె. పరువు అంటరేమో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణల 15 ఏండ్లు దాటిన మగోళ్లల్ల 43 శాతం తాగుతరు. మీ సంఘం మీటింగుల మీ పక్కన కూసున్నామె ఇంట్ల కూడా ఇదే కథ ఉండొచ్చు, ఆమె కూడా మీలెక్కనే నోరు మూసుకొని లోన్ పైసలు బెల్టుషాపుకు కట్టి ఉండొచ్చు. ఇగ ఆ బాకీ మీరు కట్టకండి. తాగి పనికి పోకపోతే జ్వరమొచ్చిందని మేస్త్రికి మీరు అబద్ధం చెప్పకండి, ఆయననే చెప్పుకోనియ్యండి. కోపం మీద కాదు, తాగుడు ఖర్చు మీ మీద పడ్డన్ని రోజులు ఆయనకు అది కనవడదు. మాట్లాడేదుంటే పొద్దున, తాగకముందు, చిన్నగ రెండు మాటలు, బావ ఇట్లనే పోయిండు, నాకు భయమైతుంది, రేపు హాస్పిటల్‌కు పోదాం, అంతే. రాత్రి తాగొచ్చినంక ఎంత మొత్తుకున్నా తెల్లారి యాదికుండదు. చెయ్యి చేసుకుంటే మాత్రం ఊకోకండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

సంవత్సరీకం. మన దిక్కు సావైనా, దినాలైనా సీసా లేంది నడవది. లివర్ పోయి సచ్చిపోయిన మనిషి ఫొటో ముందర, ఆయనకు ఇష్టమని, క్వార్టర్ సీసా పెట్టి అగర్‌బత్తి ముట్టిస్తరు. చూసినప్పుడల్లా నాకు కోపమొస్తది, కానీ ఆ రోజు పాలోళ్లతోని మీరు కొట్లాడితే ఇనరు. ఇనేది ఒక్కరి మాటే, మీ తోడికోడలు. నా మొగని ఫొటో కాడ సీసా వద్దు, నా ఇంట్ల పొయ్యొద్దు అని ఆమె అంటే కాదనే ధైర్యం ఏ పెద్దమనిషికీ ఉండదు. ఇప్పుడే పోయి ఆమెతోని కూసొని మాట్లాడండి, ఈ బాధ మీకన్న ఆమెకే ఎక్కువ తెలుసు. ఆ రోజు మీ ఆయన పక్కన మీ తమ్ముడు ఉండాలె, వంటోళ్ల కాడనో వడ్డించే కాడనో పని చెప్పాలె, తిన్నంక పొద్దుగూకకముందే ఇల్లు చేరాలె. అప్పటికే దవాఖాననుంచి వచ్చి ఉంటే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలె.

అన్న పోయిన దుఃఖం కూడా చిన్నది కాదు. మగోడు నలుగుర్ల ఏడిస్తే బాగుండదంటరు, తాగి ఏడిస్తే మాత్రం ఎవరూ ఏమనరు. తాగకుండ ఉన్న పూట అన్న ముచ్చట్లు తియ్యండి, ఏడిస్తే ఏడ్వనియ్యండి. మానిన మూడు నాలుగు వారాలకు కూడా నిద్ర లేక, తిండి సయించక, దేని మీదా మనసు లేకుండ ఉంటే డిప్రెషన్ కావచ్చు, దానికి వేరే వైద్యం ఉంది. సచ్చిపోతా అన్న మాట ఒక్కసారి వచ్చినా తాగిన మైకం అనుకోకండి, పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్ల ఉంటే ఇయ్యాలనే తీసేయండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

కొడుకు సంగతి. తాగుడు జబ్బుల వారసత్వం పాలు సుమారు సగం ఉంటదని కవల పిల్లల మీద చేసిన అధ్యయనాలు చెప్తయ్, మిగతా సగం చుట్టుపక్కలది. అంటే వాడికి వచ్చి తీరుతదని కాదు, మిగతా పిల్లల కన్న ఎక్కువ జాగ్రత్త కావాలె. పెదనాన్న ఎందుకు పోయిండో దాచకుండ చెప్పండి. నాన్నకు సీసా తెమ్మని, నాన్నను బెల్టుషాపునుంచి తోలుకరమ్మని మాత్రం ఎప్పుడూ పంపకండి.

దవాఖానకు పోయే లోపల మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు ఒరిగిచ్చి పండబెట్టండి, చేతుల తాళాలు పెట్టుడు, నోట్ల నీళ్లు పోసుడు చెయ్యకండి, 108కి ఫోన్ చేయండి. రక్తం కక్కినా, విరేచనం నల్లగ తారులెక్క అయినా, కండ్లు పచ్చబడి కడుపు ఉబ్బినా పసరు మందుకు తిప్పొద్దు, సక్కగ ఎమర్జెన్సీకే. ఇంకోటి, హాస్పిటల్‌కు పోతున్నం కదా అని ముందురోజే బలవంతంగ మాన్పించి తీసుకపోకండి, దార్లనే ఫిట్స్ రావచ్చు. ఎట్ల ఉంటే అట్లనే తీసుకపోండి, ఆఖరుసారి ఎప్పుడు, ఎంత తాగిండో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, పాత చీటీలు, ఆ పొడి ప్యాకెట్ వెంట ఉండాలె.