పాత వాచీ కొనే ముందు మూత తీయించు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు వాచీల ఫోటోలూ చూశాను. మొదటి జీతంతో పాత వాచీ కొనుక్కోవాలని నీకు అనిపించినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ డబ్బు మాత్రం అప్పుడే పంపకు.

ముందు ఆ హెచ్.ఎం.టి. జనతా సంగతి. ఫోటో పెద్దది చేసి చూడు. డయలు తళతళలాడుతోంది, ముళ్లు మాత్రం నల్లబడి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒకే గ్లాసు కింద ఉన్నవి ఒకటి ముసలిదై, ఇంకొకటి పడుచుగా ఎలా ఉంటుంది? పాత రంగు గీకేసి, కొత్త రంగేసి, మళ్లీ అచ్చు కొట్టించినట్టుంది. దీన్నే రీడయల్ అంటారు. భూతద్దం పెడితే తెలిసిపోతుంది: అక్షరాల అంచులు పాకినట్టుంటాయి, నిమిషాల గీతలు కొన్ని పొట్టిగా, కొన్ని వంకరగా ఉంటాయి. ఫ్యాక్టరీ అచ్చు అంత నాసిగా ఉండదు. మన కోస్తా ఉప్పు గాలికి, చెమటకి పాత డయలు మీద చిన్న మచ్చలు పడటం సహజం. బీరువాలో దాచినవి బాగానే ఉంటాయనుకో, అయినా మచ్చ ఉన్న అసలు డయలే నాకు ముద్దు. రీడయల్ వాచీ కట్టుకోకూడదని కాదు, దానికి ఒరిజినల్ ధర పెట్టకూడదు.

హెచ్.ఎం.టి. వాళ్లు 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టారు. జనతా కీ ఇచ్చి నడిపే వాచీ. లోపల మెషిన్ మీద హెచ్.ఎం.టి. ముద్ర, 17 జ్యూయెల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) అని ఉండాలి. ఇప్పుడు చాలామంది రెండు మూడు పాడైన వాచీల సామాను కలిపి ఒకటి తయారు చేసి అమ్ముతున్నారు. అందుకే మూత తీసిన ఫోటో అడుగు. ఇవ్వనంటే ఆ బేరం వదిలెయ్.

ఇక రెండో వాచీ, ఆ సీకో 5 అసలుదో కాదో చూడటం తేలిక. వెనక మూత మీద అంకెలు రెండు రకాలుంటాయి. ఒకదాని మధ్యలో చిన్న అడ్డగీత ఉంటుంది, ఆ గీత ముందున్న నాలుగంకెలు మెషిన్ నంబరు. నీ ఫోటోలో 7009 అని ఉంది, మూత తీస్తే మెషిన్ మీదా అదే ఉండాలి. రెండోది సీరియల్ నంబరు. దాని మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. 82తో మొదలైతే 1978 ఫిబ్రవరి గానీ 1988 ఫిబ్రవరి గానీ అవుతుంది. అక్టోబరుకి సున్నా, నవంబరు, డిసెంబరుకి ఇంగ్లీషు ఎన్, డి వేస్తారు. డయలు ముఖం మీద కింది అంచున కూడా సన్నటి అక్షరాల్లో కోడ్ ఉంటుంది, అదీ సాధారణంగా అదే నాలుగంకెలతో మొదలవుతుంది. అమ్మేవాడు 1965 వాచీ అంటున్నాడని రాశావు. 7009 మెషిన్‌కి ఆ ఏడు పొసగదు. ఇంక వాడి మాట ఏదీ నమ్మొద్దు.

కేసు చెవులు, అంటే స్ట్రాప్ తగిలించే కొమ్ములు చూడు. పాలిష్ ఎక్కువ పట్టిస్తే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. స్ట్రాప్, గ్లాసు మార్చినా ఫర్వాలేదు, అవి మారేవే.

ఒంగోల్లోనే చేతికిచ్చి చూపించేవాడు దొరికితే మంచిది. లేదంటే ఆదివారం నెల్లూరు రా, ట్రంకు రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. ఇద్దరం కూర్చుని మూత తీయించి చూద్దాం. అక్కని అడిగానని చెప్పు.

మీ మామయ్య