టెక్ సందేహాలు: ఘాట్ రోడ్డులో బ్రేకులు వేడెక్కితే ఏం మార్చాలి?

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఐదుగురం లగేజీతో తిరుమల నుంచి దిగుతుంటే కాలిన వాసన వచ్చింది. చివరి మలుపుల దగ్గర బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోయింది. కాసేపు ఆపితే మామూలైంది. చిల్లుల డిస్కులు, పెద్ద క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగాలు) వేయించుకోమని షాపులో అంటున్నారు. వేయించమంటారా? - నెల్లూరు పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దండీ. పెడల్ మెత్తబడిందన్నారే, అసలు సంగతి అక్కడే ఉంది. చక్రంతో తిరిగే డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. పెడల్ లోపలికి పోయిందంటే చాలావరకు బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టినట్టే. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది కాబట్టి బ్రేకులు బాగైనట్టు అనిపిస్తుంది, కానీ లోపం అలాగే ఉంటుంది.

ఈ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణాల ప్రకారమే ఆ హద్దు 155కి దిగుతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. తిరుమల నుంచి తిరుపతికి ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1,300 కిలోల బండి అంత కిందికి దిగితే దాదాపు 30 లీటర్ల నీళ్లను మరిగించేంత శక్తి వస్తుంది. ఇంజిన్ సాయం తీసుకోకపోతే అందులో ఎక్కువ భాగం పడేది బ్రేకుల మీదే.

కాబట్టి ముందు పాత ఆయిల్ మొత్తం తీయించి, మాన్యువల్‌లో చెప్పిన రకం పోయించి, బ్రేక్ పైపుల్లోని గాలి తీయించండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి మార్పించండి. డాట్ 4 చెప్పిన బండిలో సాధారణంగా డాట్ 5.1 వాడొచ్చు. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం పోయించొద్దు. క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయేమో కూడా చూపించండి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంటే అనుమానం అక్కడే. ప్యాడ్లు అరిగితే మంచి కంపెనీవి వేయించండి. రేసింగ్ ప్యాడ్లు వద్దు, చల్లగా ఉన్నప్పుడు వాటికి సరైన పట్టు రాదు.

చిల్లుల డిస్కు చూడ్డానికి బాగుంటుంది. కానీ వేడిని దాచుకునేది డిస్కు బరువే, చిల్లులు పెడితే అది తగ్గుతుంది. పగుళ్లు మొదలయ్యేదీ ఆ చిల్లుల దగ్గరే. పెద్ద డిస్కులు నిజంగానే పనిచేస్తాయి గానీ అవి మీ రిమ్ములో పట్టాలి, ముందు వెనక బ్రేకుల సమతూకం చెడకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యం, ఇంజినే బండి వేగాన్ని ఆపిపట్టేలా రెండో గేరులో దిగడం. కాలు బ్రేక్ మీదే ఉంచకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి. న్యూట్రల్‌లో గానీ, ఇంజిన్ ఆపేసి గానీ దిగడం ప్రాణాల మీదకి తెస్తుంది. మళ్లీ పెడల్ మెత్తబడితే వెంటవెంటనే తొక్కి వదులుతూ గేరు తగ్గించండి, హ్యాండ్‌బ్రేక్ నెమ్మదిగా లాగండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకి ఈ టెన్షన్ ఉండదా? - హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: చాలా తక్కువమ్మా. మోటారే బండిని నిదానింపజేసి ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ శక్తికి చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. కొండమీద ఛార్జింగ్ పెట్టాల్సి వస్తే వంద శాతం నింపకుండా దిగండి.