లాక్‌డౌన్ అద్దె బకాయి: సంతకం పెట్టే ముందు నోటీసు చదవండి

ప్రశ్న: విశాఖలో మున్సిపల్ కాంప్లెక్స్‌లో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. నెలకు 6,000 అద్దె. కరోనా వల్ల 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టలేకపోయాను. ఆ రోజుల్లో మాస్కులు కుట్టి పారిశుధ్య కార్మికులకు ఊరికే పంచాను. లాక్‌డౌన్ మొదలైన వారానికే మా కార్పొరేటర్ వచ్చి అద్దె మాఫీ చేయిస్తానన్నారు. అక్టోబర్ నుంచి ప్రతి నెలా కడుతూనే ఉన్నాను. ఇన్నేళ్లకు గత నెలలో 36,000 బకాయి, దాని మీద పెనాల్టీ కట్టమని నోటీసు వచ్చింది. వాయిదాల్లో కడతానని రాసిస్తే షాపు జోలికి రామంటున్నారు. సంతకం పెట్టేస్తే టెన్షన్ పోతుంది కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సంతకం పెట్టకండి. ఎందుకో చెబుతాను.

మీరు పంపిన నాలుగు పేజీల్లో రెండు మాస్కుల గురించే. మంచి పనే, కానీ కేసుకు పనికిరాదు. పనికొచ్చేది 'అక్టోబర్ నుంచి కడుతూనే ఉన్నాను' అన్న ఒక్క ముక్క. ఆ డబ్బు ఆఫీసు లెక్కలో ఏ నెలల కింద జమైంది? మీ గెలుపోటములు దాని మీదే ఉన్నాయి.

కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం, ఏ బాకీ కింద కడుతున్నారో మీరు చెప్పి కడితే, అవతలివాళ్లు తీసుకున్నాక దాని కిందే జమ వేయాలి. మీరేమీ చెప్పకపోతే 60వ సెక్షన్ కింద పాత బాకీకైనా జమ వేసుకోవచ్చు, చివరికి దావా వేసే గడువు దాటిన బాకీకైనా సరే. అలా వేసి ఉంటే 2020 అద్దె ఎప్పుడో తీరిపోయి, ఇప్పుడున్నది నిన్నమొన్నటి ఆరు నెలల బాకీ అవుతుంది. అప్పుడు గడువు వాదన మీకు నిలవదు.

అందుకే రసీదు మీద ఉండే నెల పేరు ముఖ్యం. మీరేమో రసీదులన్నీ బొత్తాల డబ్బాలో పడేశాను, అక్షరాలు చెరిగిపోయాయి అని రాశారు. మిషన్ రసీదు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయని ఇన్నేళ్ల వ్యాపారంలో తెలియలేదా? రెండు రూపాయలు పెట్టి జిరాక్స్ తీసుకుంటే సరిపోయేది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ, మొత్తం ఉంటాయి తప్ప ఏ నెల అద్దో ఉండదు. పైగా నోటీసు కాపీ నాకు పంపనేలేదు. అందులో '2020 ఏప్రిల్–సెప్టెంబర్ అద్దె' అని నెలలు రాసి ఉంటే, తర్వాత కట్టినవి తర్వాతి నెలలకే జమైనట్టు వాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ కాగితాన్ని కవరుతో సహా దాచండి.

ఇక గడువు. అద్దె బకాయికి దావా వేయడానికి మూడేళ్లు. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకూ కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ ఆరు నెలల అద్దెకు మూడేళ్లూ 2022 మార్చి 1 నుంచి మొదలై 2025 ఫిబ్రవరి ఆఖరుకు అయిపోయాయి. అయితే ఆ గడువు ముగిసేలోపు లీజు రెన్యువల్ చేసుకున్నారా? ఆ కాగితంలో పాత బాకీ ఉందని ఒక్క వాక్యం ఉండి, కింద మీ సంతకం ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క.

వాయిదాల కాగితం అంతకంటే ప్రమాదం. గడువు చచ్చిన బాకీని కడతానని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందమే. చచ్చిన బాకీకి మీ చేత్తోనే ప్రాణం పోసినట్టు.

మాఫీ మాట మర్చిపోండి. విశాఖ నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. 2020 ఏప్రిల్‌లో ఉన్నది ప్రత్యేకాధికారి పాలన. మీకు మాటిచ్చిన పెద్దమనిషి అప్పటికి కార్పొరేటరే కాదు! అయినా నోటిమాట మాఫీ కాదు, ఉత్తర్వు కాగితం ఉండాలి. టైలర్లకు ప్రభుత్వ సాయంగా 'జగనన్న చేదోడు' పథకం కింద వచ్చిన 10,000కూ అద్దెకూ సంబంధం లేదు. కరోనా వచ్చింది కాబట్టి అద్దె దానంతటదే పోతుందన్న వాదనను ఢిల్లీ ఖాన్ మార్కెట్ షాపు కేసులో 2020 మే నెలలోనే అక్కడి హైకోర్టు తోసిపుచ్చింది.

ఈ వారంలోనే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టి, 2020 ఏప్రిల్ నుంచి మీ షాపు డీసీబీ లెక్క (డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్; అంటే రావాల్సింది, కట్టింది, మిగిలింది) నెలవారీగా, అద్దె మాఫీపై ఏదైనా ఉత్తర్వు ఉంటే దాని నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. దాని కోసం ఆగకుండా నోటీసుకు జవాబివ్వండి: నెలవారీ లెక్క ఇవ్వాలి, 2020 బకాయికి గడువు దాటింది, పెనాల్టీకి ఆధారం చూపాలి. 'బాకీ ఉన్నాను, దయచూపండి' అనే మాట ఎక్కడా రాయకండి. కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, సీలు వేయించుకోండి. జవాబు వినకుండా తాళం వేయడానికి వస్తే హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ప్రశ్నించే పిటిషన్) వేసేటప్పుడు మొదట కావాల్సింది ఆ కాపీయే.

గడువు దాటితే దావా పోతుంది గానీ బాకీ పోదు. మీ డిపాజిట్‌లోంచి కోసుకోవచ్చు, రేపు రెన్యువల్ దగ్గర పేచీ పెట్టొచ్చు. షాపు వదులుకోలేననుకుంటే, లెక్క చేతికొచ్చాక వకీలుతో రాయించి బేరానికి వెళ్లండి. ఈలోగా కట్టే ప్రతి అద్దె చలానా మీద ఏ నెలకో రాయండి. ఫోన్లో పంపితే నోట్‌లో నెల, సంవత్సరం టైప్ చేసి, ఆ తెరను ఫొటో తీసి ఉంచండి.